వాపు తగ్గింది, ఎక్స్‌రేలో ఎరోజన్స్ పెరిగాయి. ఎముకని తింటున్నది ఎవరు?

ప్రశ్నలపుట్ట
అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. మందులు వాడుతోంది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోవడం బాగా తగ్గింది, పిడికిలి పట్టగలుగుతోంది. ఒంట్లో వాపుని చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ కూడా దిగాయి. కానీ ఈసారి చేతుల ఎక్స్‌రే రిపోర్టులో కొత్తగా ఎరోజన్స్ (ఎముక అంచుల్లో పడే గుంటలు) వచ్చాయని రాశారు. ఎముక గట్టిదనాన్ని కొలిచే డెక్సా స్కాన్‌లో ఎముకలు గుల్లబారుతున్నాయని కూడా తేలింది. మందు మార్చే సంగతి డాక్టర్ గారు చూసుకుంటున్నారు, నేను చికిత్స సలహా అడగడం లేదు. నా బుర్రకెక్కనిది వేరే. ఇది ఇమ్యూనిటీ గాడి తప్పిన జబ్బు అంటారు. ఇమ్యూన్ కణాలు క్రిములతో పోట్లాడాలి గానీ, వాటికి ఎముకతో ఏం పని? పైగా వాపు తగ్గాక కూడా ఎముక ఎందుకు పోతోంది? కాస్త లోతుగానే చెప్పండి, నోరు తిరగని పేర్లకి భయపడను.

అడ్డప్రశ్న
వయసు, కాల్షియం తక్కువ కావడం. అంతకంటే ఏముంది? కాల్షియం, డి విటమిన్ వేసుకుంటే సరి. దీనికింత టెన్షన్ దేనికి?

ల్యాబ్‌ఎలుక
అడ్డప్రశ్న గారూ, కాల్షియం సంగతికి తర్వాత వద్దాం. కాల్షియం తక్కువైతే ఒంట్లో ఎముకలన్నీ ఒకే తీరుగా పలచబడాలి. వేలి కణుపు పక్కన, ఫలానా చోట మాత్రమే గుంట పడదు కదా.

ప్రశ్నలపుట్ట గారూ, ముందు ఆ తినే కణం సంగతి. దాని పేరు ఆస్టియోక్లాస్ట్. ఎముకలోనే ఉంటుంది కాబట్టి ఎముక కణమే అనుకుంటాం. నిజానికి దాని పుట్టుక వేరు. ఎముకని కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లది ఒక వంశం, దీనిది ఇంకో వంశం. రక్తంలో తిరిగే మోనోసైట్లు అనే తెల్లకణాలు అవసరాన్ని బట్టి మాక్రోఫేజ్‌లుగా మారి క్రిముల్ని మింగుతాయి. అదే మోనోసైట్లు కొన్ని ఎముక దగ్గర చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చాలా కేంద్రకాలున్న ఒక పెద్ద కణం అవుతాయి. అదే ఆస్టియోక్లాస్ట్. అంటే ఎముకని కరిగించేది ఇమ్యూన్ కణాలకి సొంత చుట్టమే.

అది పనిచేసే తీరు చూడాలి. ఎముక మీద గిన్నె బోర్లించినట్టు కూర్చుంటుంది. అంచు గట్టిగా అతుక్కుంటుంది, లోపలిది బయటికి కారదు. ఆ మూసిన జాగాలోకి ఆమ్లాన్ని పంపు చేస్తుంది. అక్కడ పీహెచ్ ఇంచుమించు 4.5కి పడిపోతుంది, ఎముకలోని ఖనిజం కరిగిపోతుంది. మిగిలిన కొల్లాజెన్ పీచుని కెథెప్సిన్ కె అనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. పని అయ్యాక కణం పక్కకి జరుగుతుంది, వెనకాల గుంట మిగులుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇది రోజూ జరిగేదే. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి దాదాపు పదో వంతు ఇలా కరిగి మళ్లీ కొత్తగా తయారవుతుంది. కరిగించడం కొన్ని వారాల పని, ఆ గుంట పూడ్చడం కొన్ని నెలల పని. కరిగించేవి కొంచెం ఎక్కువైనా పూడ్చేవి అందుకోలేకపోవడానికి ఈ తేడానే చాలు.

ప్రశ్నలపుట్ట
ఇది నాకు పూర్తిగా కొత్త విషయం. మరి మోనోసైట్‌కి "నువ్వు మాక్రోఫేజ్ అవ్వు, నువ్వు ఆస్టియోక్లాస్ట్ అవ్వు" అని చెప్పేదెవరు?

ల్యాబ్‌ఎలుక
రెండు సంకేతాలు కావాలి. ఎం-సీఎస్ఎఫ్ అనేది ఆ కణాన్ని బతికించి ఉంచుతుంది. ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్ వచ్చి మోనోసైట్ మీదున్న ర్యాంక్ అనే గ్రాహకానికి తగులుకుంటే అది ఆస్టియోక్లాస్ట్ దారి పడుతుంది. దీనికి అడ్డుకట్ట కూడా శరీరమే పెట్టుకుంది, దాని పేరు ఆస్టియోప్రోటెజెరిన్. ముందే వెళ్లి ర్యాంక్‌ఎల్‌ని పట్టేసుకుంటుంది, ర్యాంక్ దాకా పోనివ్వదు. ఎముక నిలుస్తుందా పోతుందా అన్నది చాలావరకు ఈ రెండింటి నిష్పత్తి మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక సరదా సంగతి. 1997, 98ల్లో ర్యాంక్‌ఎల్ ప్రొటీన్‌ని ఒకరికొకరు సంబంధం లేకుండా నాలుగు బృందాలు పట్టుకున్నాయి. కొందరు ఎముక మీద పనిచేసేవాళ్లు, కొందరు టీ కణాలు, డెండ్రైటిక్ కణాలు అనే ఇమ్యూన్ కణాల మీద పనిచేసేవాళ్లు. తలా ఒక పేరు పెట్టారు. తీరా చూస్తే అందరి చేతిలో ఉన్నది ఒకటే ప్రొటీన్. 2000లో ఈ రంగానికి ఆస్టియోఇమ్యునాలజీ అని పేరే వచ్చింది.

పీజీ కష్టాలు
రుమటాలజీ చదువుతున్నాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. ల్యాబ్‌ఎలుక గారు చెప్పినదానికి కీలు లోపలి సంగతి కలుపుతాను.

తెల్ల రక్తకణాలు పెంచిన ద్రవంలో ఎముకని కరిగించే పదార్థమేదో ఉందని 1972లోనే గమనించారు. అదేమిటో అప్పట్లో విడదీయలేకపోయారు. 1999లో జోసెఫ్ పెన్నింగర్ బృందం, ఉత్తేజితమైన టీ కణాలు ర్యాంక్‌ఎల్ తయారుచేసి నేరుగా ఆస్టియోక్లాస్ట్‌లని పుట్టించగలవని చూపించింది. ఆర్థరైటిస్ తెప్పించిన ఎలుకలకి ఆస్టియోప్రోటెజెరిన్ ఇస్తే వాపు అలాగే ఉంది, ఎముక మాత్రం నిలిచింది. ప్రశ్నలపుట్ట గారూ, ఈ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోండి, మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

అక్కడొక చిక్కు వచ్చింది. 2000లో హిరోషి టకయనాగి బృందం దీనికి ఎదురు మాట చెప్పింది. టీ కణాలే విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ ఆస్టియోక్లాస్ట్‌లని అణిచేస్తుందని. మరి టీ కణాలు ఎముకకి మిత్రులా శత్రువులా? ఏ రకం టీ కణం అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2006లో అదే బృందం, అసలు దోషి టీహెచ్17 రకం అని తేల్చింది. అవి ఐఎల్-17 విడుదల చేస్తాయి, ఇంటర్‌ఫెరాన్ గామా పెద్దగా చేయవు. బ్రేకు లేదు, యాక్సిలరేటర్ ఒక్కటే ఉంది.

ఇంకో మెలిక. టీహెచ్17 కణాలకి సొంత ర్యాంక్‌ఎల్ కొంత ఉన్నా, అవి ఎక్కువ పని వేరేవాళ్లతో చేయిస్తాయి. కీలు లోపలి పొరలో ఆ పొరని కట్టే ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు ఉంటాయి. వాపు పెంచే సంకేత ప్రొటీన్లు ఐఎల్-17, టీఎన్ఎఫ్, ఐఎల్-6 అందితే ఆ ఫైబ్రోబ్లాస్ట్‌లు ర్యాంక్‌ఎల్‌ని తమ ఒంటి నిండా తగిలించుకుంటాయి. 2016లో ఎలుకల్లో ఒకసారి టీ కణాల నుంచి, ఒకసారి ఫైబ్రోబ్లాస్ట్‌ల నుంచి ర్యాంక్‌ఎల్ జన్యువుని తీసేసి చూశారు. ఫైబ్రోబ్లాస్ట్‌ల నుంచి తీసినప్పుడే కీలు దగ్గరి ఎముక నిలిచింది. టీఎన్ఎఫ్‌కి ఇంకో పని కూడా ఉంది, ర్యాంక్‌ఎల్ కొంచెమే ఉన్నా మోనోసైట్ దానికి గట్టిగా స్పందించేలా చేస్తుంది.

ఆదివారం మాత్ర
నాకు ఈ జబ్బు వచ్చి చాలా ఏళ్లయింది. పేరు చూసి ఏ మాత్రో పాతకాపులకి అర్థమయ్యే ఉంటుంది, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్. పీజీ గారూ, ఒక సందేహం. గుంటలు కణుపు మధ్యలో కాకుండా పక్కలనే ఎందుకు పడతాయి? మా డాక్టర్ ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి, చూపుడు వేలి మొదటి కణుపు దగ్గర, బొటనవేలి వైపు అంచులో ఎలుక కొరికినంత నొక్కు చూపించారు. నాకు పాదాల్లో నొప్పే లేకపోయినా పాదాలకీ ఎక్స్‌రే తీయించారు. చిటికెన వేలి మొదట్లో అక్కడా ఒకటి ఉంది!

పీజీ కష్టాలు
మీ డాక్టర్ సరిగ్గా చూడాల్సిన చోటే చూశారు. కీలు లోపల ఎముక చివర కార్టిలేజ్ (మృదులాస్థి) కప్పి ఉంటుంది. లోపలి పొర మొదలయ్యే చోటుకీ, కార్టిలేజ్ ఆగిపోయే చోటుకీ మధ్య సన్నటి పట్టీలో ఎముకకి ఏ కప్పూ ఉండదు. ఉబ్బిన పొర అక్కడ నేరుగా ఎముకకి ఆనుకుంటుంది. ర్యాంక్‌ఎల్ నిండిన ఫైబ్రోబ్లాస్ట్‌లు, రక్తంలోంచి వచ్చి చేరే మోనోసైట్లు, కరగడానికి ఎముక, మూడూ ఒకేచోట దొరికాయి. మొదటి గుంట అక్కడే పడుతుంది. పాదం చిటికెన వేలి మొదట్లో, చేతుల కంటే ముందే కనిపించడం చాలామందిలో చూస్తాం. అందుకే నొప్పి లేకున్నా పాదాల ఫిల్మ్ అడుగుతాం.

ప్రశ్నలపుట్ట
సరే, ఇప్పుడు రెండో ప్రశ్న. వాపు తగ్గితే ఐఎల్-17, టీఎన్ఎఫ్ తగ్గినట్టే కదా? మరి ఎరోజన్ ఎందుకు ఆగలేదు?

ల్యాబ్‌ఎలుక
వాపూ ఎముక నష్టమూ ఒకే మూలం నుంచి వచ్చినా రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. దీనికి రుజువులు మూడు వైపుల నుంచి ఉన్నాయి.

ర్యాంక్‌ఎల్ లేని ఎలుకలకి ఆర్థరైటిస్ తెప్పించారు. టీఎన్ఎఫ్ అతిగా ఉన్నా ఆస్టియోక్లాస్ట్‌లు అసలే తయారుకాని ఎలుకల్ని ఇంకో బృందం చూసింది. 2001, 2002 నాటి పనులివి. రెండు చోట్లా కీళ్లు బాగా వాచాయి, ఎముక మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. ఆస్టియోక్లాస్ట్ లేకపోతే ఎంత వాపు ఉన్నా గుంట పడదన్నమాట.

మనుషుల్లో దీనికి తిరగేసిన బొమ్మ కనిపించింది. టీఎన్ఎఫ్‌ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ని మెథోట్రెక్సేట్‌తో కలిపి ఇచ్చిన ట్రయల్‌లో, నొప్పీ వాపూ పెద్దగా తగ్గని వాళ్లలో కూడా ఎక్స్‌రే నష్టం బాగా నెమ్మదించింది.

మూడోది డెనోసుమాబ్. ఇది ర్యాంక్‌ఎల్‌ని పట్టుకునే యాంటీబాడీ. ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి ఇస్తే ఎరోజన్స్ తగ్గాయి, వాపు మీద ప్రభావమే లేదు. కార్టిలేజ్ అరుగుదలనీ ఆపలేదు. కార్టిలేజ్‌ని తినే ఎంజైములు వేరు, అక్కడ ఆస్టియోక్లాస్ట్‌కి పాత్ర తక్కువ.

పీజీ కష్టాలు
క్లినిక్ వైపు నుంచి ఇంకో రెండు మాటలు, నాకైతే మీ అమ్మగారి విషయంలో ఇవే దగ్గరగా అనిపిస్తున్నాయి. చేత్తో నొక్కి చూస్తే వాపు లేని కీలుని పవర్ డాప్లర్ అల్ట్రాసౌండ్‌లో చూస్తే లోపలి పొరలో రక్తప్రవాహం ఎర్రగా కనిపించడం మాకు మామూలే. సీఆర్పీ కూడా నార్మల్‌గానే ఉండొచ్చు. అలాంటి కీళ్లలో తర్వాత ఎరోజన్ వచ్చే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెప్పాయి. రెండోది, ఎక్స్‌రే చూపించేది గతాన్ని. ఖనిజం తగినంత పోయాకే ఫిల్మ్‌లో గుంట తెలుస్తుంది. ఇప్పుడు "కొత్తగా" కనిపించింది మందు పనిచేయడం మొదలుపెట్టకముందే మొదలైనది కావచ్చు. అందుకే ఈ ఒక్క రిపోర్టు చూసి మందు ఫెయిలైందని నేను అనను. అలాగని పట్టించుకోకుండానూ ఉండను.

అడ్డప్రశ్న
అందరూ ఒకటి వదిలేస్తున్నారు. స్టెరాయిడ్లు! డెక్సా అందుకే పడిపోయి ఉంటుంది. అవి మానేస్తే సగం సమస్య పోతుంది.

ఆదివారం మాత్ర
అడ్డప్రశ్న అన్నా, ఒక్క మాట. ఎన్నాళ్లుగానో వాడుతున్న స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఎవరూ ఆపకండి. శరీరం సొంతంగా కార్టిసాల్ చేసుకోవడం తగ్గించేసుకుని ఉంటుంది. ఒక్కసారి ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా దించాలి.

పీజీ కష్టాలు
ఆదివారం మాత్ర అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

స్టెరాయిడ్ విషయంలో చిత్రమేమిటంటే అడ్డప్రశ్న గారిదీ తప్పు కాదు, అది ఎముకని కాపాడుతుందనేవాళ్లదీ తప్పు కాదు. 1995లో వచ్చిన ఒక బ్రిటిష్ ట్రయల్‌లో రోజుకి 7.5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ రెండేళ్లు ఇస్తే చేతుల్లో ఎరోజన్స్ తగ్గాయి. కీలు దగ్గర మంటని తగ్గిస్తుంది కాబట్టి అక్కడి ఎముకకి మేలు. అదే మందు వెన్నులో, తుంటిలో ఆస్టియోబ్లాస్ట్‌లని చంపుతుంది, ఎముక లోపలుండే ఆస్టియోసైట్‌లనీ చంపుతుంది. ఆ నష్టం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా ఉంటుంది. ఒకే మాత్ర ఒకచోట కాపాడి ఇంకోచోట కూల్చడం అంటే ఇదే.

అయితే స్టెరాయిడ్ ఒక్కదాని మీదే నెపం వేయలేం. ఎముక విరిగే ముప్పుని అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో స్టెరాయిడ్ వాడకం ఒక గడి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఇంకో గడి. స్టెరాయిడ్ ముట్టకపోయినా జబ్బు తనంతట తానే ముప్పు పెంచుతుంది. రక్తంలో తిరిగే టీఎన్ఎఫ్, ఐఎల్-6 కీలుకే పరిమితం కావు, ఒళ్లంతా తిరుగుతాయి. కాల్షియం, డి విటమిన్ తక్కువుంటే సరిచేయాల్సిందే, కానీ వాటితో ఎరోజన్ ఆగదు.

అడ్డప్రశ్న
ఇది ఒప్పుకుంటాను. మరి గుంటలు పడుతుంటే పూడ్చే కణాలు ఏం చేస్తున్నట్టు?

ల్యాబ్‌ఎలుక
మంచి ప్రశ్న పడింది. వాటి చేతులు కట్టేస్తారు. టీఎన్ఎఫ్ వల్ల కీలు పొరలోని ఫైబ్రోబ్లాస్ట్‌లు డీకేకే1 అనే ప్రొటీన్ తయారుచేస్తాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు పనిలోకి దిగడానికి డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతం కావాలి, డీకేకే1 దాన్ని ఆపేస్తుంది. 2007లో గియోర్గ్ షెట్ బృందం ఎలుకల్లో డీకేకే1ని అడ్డుకుంటే కరగడం తగ్గడమే కాదు, కీలు అంచుల్లో కొత్త ఎముక మొలవడం మొదలైంది. కావలసిన దానికంటే ఎక్కువే మొలిచింది.

వెన్నుపూస
ఆగండాగండి. నాది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, వెన్నుని బిగించే కీళ్ల జబ్బు. నాకు ఎముక పోవడం కాదు, పెరగడమే బాధ. వెన్నుపూసల మధ్య వంతెనలు కట్టుకుంటోంది. డెక్సాలో వెన్ను చాలా గట్టిగా ఉందని వచ్చింది. మరి నాకు ఇమ్యూన్ కణాలు ఎముక కట్టి పెడుతున్నాయా?

పీజీ కష్టాలు
వెన్నుపూస బ్రో, ఆ డెక్సాని నమ్మకండి. మీ జబ్బులో రెండూ జరుగుతాయి. స్నాయువు ఎముకకి అతుక్కునే చోట, బయటి వైపు కొత్త ఎముక మొలుస్తుంది. వెన్నుపూస లోపల మాత్రం గుల్లబారుతూనే ఉంటుంది. డెక్సా ముందు నుంచి తీసిన నీడ లాంటిది కదా, బయట మొలిచిన వంతెనల్ని కూడా లెక్కలో కలిపేసి "గట్టిగా ఉంది" అంటుంది. తుంటి డెక్సా చూడమని అడగండి. స్పాండిలైటిస్‌లో వెన్నుపూస విరిగే ముప్పు నిజంగానే ఎక్కువ. బిగుసుకుపోయిన వెన్ను చిన్నపాటి పడటానికి కూడా విరగొచ్చు. పడ్డాక కొత్తగా వెన్నునొప్పి మొదలైతే "మామూలు నొప్పే" అని ఊరుకోవద్దు, వెంటనే చూపించుకోండి.

సోరియాసిస్‌తో పాటు వచ్చే సోరియాటిక్ ఆర్థరైటిస్‌లోనూ ఇంతే, ఒకే వేలిలో తినడం, మొలవడం పక్కపక్కనే కనిపిస్తాయి.

వెన్నుపూస
ఈ మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వచ్చే విజిట్‌లో తుంటి స్కాన్ అడుగుతాను.

ఆదివారం మాత్ర
నాకు ఏసీపీఏ చాలా ఎక్కువగా ఉంది. అది ఎక్కువున్నవాళ్లకి ఎముక నష్టం కూడా ఎక్కువ అంటారు, ఎందుకని?

ల్యాబ్‌ఎలుక
అది యాంటీబాడీలకి మూలమైన బీ కణాల వైపు కథ. ఏసీపీఏలు, తమలోని ఒక అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారిన ప్రొటీన్ల మీద పుట్టే యాంటీబాడీలు. కీళ్లు వాచడానికి చాలా ఏళ్ల ముందే కొందరి రక్తంలో ఉంటాయి. 2014లో జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం, ఏసీపీఏ ఉండి ఇంకా జబ్బు రాని ఆరోగ్యవంతుల చేతి ఎముకల్ని హై రిజల్యూషన్ సీటీలో చూస్తే, అప్పటికే ఎముక పలచబడి ఉంది. కీలు వాచకముందే! వాపు, ఎముక నష్టం వేర్వేరు దారులని నేను పైన అన్నదానికి నాకు తెలిసి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

ఎలా జరుగుతుందన్న దాని మీద వాదన ఇంకా నడుస్తోంది. ఆస్టియోక్లాస్ట్ పూర్వకణాలకి యాంటీబాడీల తోకని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి, యాంటీబాడీ గుంపులు వాటికి తగిలితే కణం ఆస్టియోక్లాస్ట్‌గా మారడం సులువవుతుంది. ఇది చాలామంది ఒప్పుకునే దారి. యాంటీబాడీ నేరుగా ఆస్టియోక్లాస్ట్‌కి అతుక్కుంటుందన్న వాదనకి ఆధారంగా వాడిన కొన్ని ల్యాబ్ యాంటీబాడీల మీద తర్వాత సవరణలు వచ్చాయి, అందుకని దాన్ని నేను కాస్త దూరంగానే పెడతాను.

ప్రశ్నలపుట్ట
ఇంత తెలిశాక ఒకటి అడక్కుండా ఉండలేను. ర్యాంక్‌ఎల్‌ని ఆపే ఇంజెక్షన్ ఉన్నప్పుడు అందరికీ అదే ఇచ్చేయొచ్చు కదా?

పీజీ కష్టాలు
జపాన్‌లో 2017 నుంచి రుమటాయిడ్ ఎరోజన్స్‌కి కూడా డెనోసుమాబ్‌కి అనుమతి ఉంది. చాలాచోట్ల దాన్ని బోలు ఎముకల వ్యాధికే వాడతారు, ఆరు నెలలకోసారి 60 మిల్లీగ్రాములు. కానీ వాపునీ కార్టిలేజ్‌నీ అది ముట్టుకోదని ల్యాబ్‌ఎలుక గారు చెప్పారు కదా, మూల జబ్బుకి మందు పక్కన ఉండాల్సిందే. పైగా వేళ తప్పితే ఇబ్బంది. ఆపేశాక ఆస్టియోక్లాస్ట్‌లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి, వరసగా వెన్నుపూసలు విరిగిన కేసులు ఉన్నాయి. ఆపాలంటే దాని వెనకాలే ఎముక కరగడాన్ని తగ్గించే బిస్ఫాస్ఫొనేట్ లాంటి మందు ఇచ్చి ఆపాలి.

ల్యాబ్‌ఎలుక
ఆ విరుచుకుపడటం వెనుక ఏముందో 2021లో ఎలుకల్లో ఒక ఆధారం దొరికింది. పనైపోయాక ఆస్టియోక్లాస్ట్‌లన్నీ చచ్చిపోవు, కొన్ని చిన్న చిన్న కణాలుగా విడిపోయి మజ్జలో తిరుగుతుంటాయి. ర్యాంక్‌ఎల్‌ని అడ్డుకున్నంత కాలం ఇవి పోగుపడతాయి, మందు ఆపగానే మళ్లీ కలిసి పెద్ద కణాలవుతాయి.

అబాటాసెప్ట్ గురించి కూడా ఒక మాట. అది టీ కణాల్ని శాంతపరిచే మందుగానే తెలుసు. కానీ అందులో ఉన్న సీటీఎల్ఏ-4 అనే ప్రొటీన్ భాగం నేరుగా మోనోసైట్‌కి తగిలి, ఆస్టియోక్లాస్ట్ కాకుండా ఆపగలదని ల్యాబ్‌లో చూశారు. ఇమ్యూనిటీని అదుపులో ఉంచే మన సొంత రెగ్యులేటరీ టీ కణాలు కూడా ఇదే మార్గం వాడతాయి. అవి దారి తప్పితే ఇంకా ప్రమాదం. ఆర్థరైటిస్ ఉన్న ఎలుకల కీళ్లలో కొన్ని రెగ్యులేటరీ కణాలు ఫాక్స్‌పీ3 అనే గుర్తు పోగొట్టుకుని టీహెచ్17గా మారాయని, అవి మామూలు టీహెచ్17 కంటే ఎక్కువగా ఎముకని తినిపిస్తాయని 2014లో తేలింది.

ఆదివారం మాత్ర
పడిన గుంటలు పూడతాయా? అందరం అడగాలనుకుని అడగనిది ఇదే.

పీజీ కష్టాలు
పూర్తిగా పూడటం అరుదు. జబ్బు బాగా అదుపులోకి వస్తే కొన్ని గుంటల అంచులు గట్టిపడి, అడుగున కొత్త ఎముక కొంచెం చేరడం చూస్తాం, వాపు ఏమాత్రం లేని కీళ్లలోనే ఎక్కువగా. కొత్తవి పడకుండా చూసుకోవడమే ఇప్పటికి మా అసలు లక్ష్యం.

ప్రశ్నలపుట్ట
అందరికీ థాంక్స్. పాదాల ఎక్స్‌రే, డాప్లర్ అల్ట్రాసౌండ్, స్టెరాయిడ్ డోసు, ఈ మూడూ రాసుకున్నాను, డాక్టర్ గారిని అడుగుతాను. మందు మార్చాక మళ్లీ ఎక్స్‌రే ఎప్పుడు తీస్తే తేడా తెలుస్తుంది?

పీజీ కష్టాలు
నెలకో రెండు నెలలకో తీస్తే ఏమీ తెలియదు. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది మధ్య తీస్తాం. ఇప్పటి ఫిల్ముల్ని పారేయకండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి అదే కణుపు, అదే అంచు పోల్చాలి. వీలైతే రెండుసార్లూ ఒకే చోట, చేయి ఒకే భంగిమలో పెట్టి తీయించండి. చేయి కాస్త తిరిగినా లేని గుంట ఉన్నట్టు కనిపిస్తుంది.